గోధుమ, గుడ్డు, పాలు మూడూ లేని క్రిస్మస్ కేకు: మన వైపు ఎవరైనా చేశారా?

బుజ్జిగాడి అమ్మ, పర్లాకిమిడి | డిసెంబర్ 5, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. ఈసారి అడగక తప్పడం లేదు.

మా బాబుకి ఏడేళ్ళు. ఆగస్టులో సీలియాక్ అని, అంటే గోధుమ పడని జబ్బని తేలింది. అంతకు ముందు రెండేళ్ళు కడుపు ఉబ్బరం, విరేచనాలు, బరువు పెరగకపోవడం. నులిపురుగులన్నారు, మందులు వేశాం. దిష్టి కూడా తీయించాం. చివరికి విశాఖలో రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి, ఇక జన్మలో గోధుమ వద్దన్నారు. పేగు మానేదాకా కొన్ని నెలలు పాలు కూడా ఆపమన్నారు. ఇంట్లో పెద్ద ఇబ్బంది లేదు, మేం ఎలాగూ అన్నం తినే మనుషులం. వచ్చిన చిక్కల్లా పండగలతోనే.

అక్టోబరులో సండే స్కూల్లో ఎవరో పిల్ల పుట్టినరోజని కేకు పంచారు. ప్లేటు వాడి దాకా వచ్చేసరికి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ వద్దనలేదు, వాడంతట వాడే. ఇంటికొచ్చి ఏమీ మాట్లాడలేదు. క్రిస్మస్‌కి ఆరాధన అయ్యాక చర్చిలో అందరికీ కేకు ముక్క, టీ ఇస్తారు. ఆ రోజు వాడి చేతిలో వాడి కేకు ఉండాలి.

గుడ్డు వాడికి పడుతుంది. కానీ మా పక్కింట్లో ఒక ఒడియా పెద్దావిడ ఉన్నారు, మావాడు ఆవిణ్ణి జేజేమా అంటాడు. ఆవిడ గుడ్డు ముట్టరు. జూన్‌లో వచ్చే ప్రతి రజ పండగకీ నిప్పుల మీద కాల్చే పొడ పిఠా, మొన్న ప్రథమాష్టమికి పసుపాకుల్లో ఉడికించిన ఎండురి పిఠా ఆవిడ ఇంటి నుంచే వచ్చాయి. కేకు చేస్తే మొదటి ముక్క జేజేమాకే అని మావాడు ముందే మాట తీసుకున్నాడు. అందుకని గుడ్డు కూడా లేదు.

నెట్‌లో గోధుమ లేని వీగన్ కేకులని చూస్తే అన్నిట్లోనూ బాదం పిండి, పిండిని పట్టి ఉంచే జాంథాన్ గమ్. ఇక్కడ బజార్లో కిరాణా కొట్టాయన్ని గమ్ ఉందా అని అడిగితే, ఎదురుగా స్టేషనరీ షాపులో అడగండి అన్నాడు.

సరే అని నిన్న రెండు కప్పుల బియ్యప్పిండి, కప్పున్నర పంచదార, నూనె, నీళ్ళు, బేకింగ్ పౌడర్ కలిపాను. టిన్నుకి నూనె రాసి, ఎప్పట్లాగే కాస్త మైదా చల్లి, ఓవెన్‌లో పెట్టాను. పొంగింది కూడా! టిన్ను బోర్లించేసరికి పళ్ళెం నిండా ముగ్గుపిండి. అమ్మా, స్పూనిస్తే తింటాను అన్నాడు పిల్లాడు. దారి చెప్పండి.

జయపురం మాస్టారు | డిసెంబర్ 5, రాత్రి 10:15

స్టేషనరీ షాపు సంగతి చదివి మా ఆవిడా నేనూ నవ్వుకున్నామమ్మా, ఏమీ అనుకోవద్దు. కానీ ఒక మాట. ఈ మధ్య ఎవర్ని చూసినా గోధుమ పడదు, పాలు పడవు అంటున్నారు. మా చిన్నప్పుడు ఇవేవీ వినలేదు. కొంచెం కొంచెం పెడుతూ ఉంటే ఒంటికి అలవాటు కాదా?

కాశీనగరం పిల్ల, ప్రస్తుతం విశాఖ | డిసెంబర్ 5, రాత్రి 10:31

మాస్టారూ, కాదండి. నేను డైటీషియన్ని, రోజూ చూసే పనే కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను. సీలియాక్ ఉన్నవాళ్ళకి గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్ళినప్పుడల్లా ఒళ్ళు తన పేగుని తనే దెబ్బతీసుకుంటుంది. పేగు లోపలి గోడ మీద తిండి సారాన్ని పీల్చుకునే సన్నని నూగు ఉంటుంది. అది అరిగి చదునైపోతుంది. అలవాటు చేద్దామని కొంచెం కొంచెం పెడితే కొంచెం కొంచెం అరుగుతుంది, అంతే తేడా. పాలు ఆపమన్నది కూడా అందుకే, ఆ నూగు దెబ్బతింటే పాలలోని చక్కెర అరగదు. గోధుమ మానేశాక అది మళ్ళీ మొలుస్తుంది, చాలామంది పిల్లలకి పాలు మళ్ళీ పడతాయి.

చదివేవాళ్ళలో ఎవరికైనా తమ పిల్లల మీద ఇలాంటి అనుమానం ఉంటే, పరీక్షకు ముందే గోధుమ మానిపించకండి. మానిపిస్తే జబ్బున్నా పరీక్షలో దొరక్కపోవచ్చు.

బుజ్జిగాడి అమ్మగారూ, మీ పోస్టులో నేను ఒక్క చోట ఆగిపోయాను. టిన్నుకి మైదా చల్లానని రాశారు.

బుజ్జిగాడి అమ్మ, పర్లాకిమిడి | డిసెంబర్ 5, రాత్రి 10:38

అయ్యో దేవుడా.

పదేళ్ళ అలవాటండి, చెయ్యి దానంతట అదే డబ్బాలోకి వెళ్ళింది. నాలుగు స్పూన్లు తిన్నాడు. ఇప్పుడేం చెయ్యాలి? టెన్షన్‌గా ఉంది.

కాశీనగరం పిల్ల, ప్రస్తుతం విశాఖ | డిసెంబర్ 5, రాత్రి 10:50

కంగారు పడకండి, ఇప్పటికిప్పుడు ఆస్పత్రికి పరిగెత్తే విషయం కాదు. కడుపు నొప్పి రావచ్చు, రాకపోవచ్చు. నీళ్ళు బాగా తాగించండి, మామూలు అన్నం పెట్టండి. వాంతులు, విరేచనాలు తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. మళ్ళీ జరక్కుండా చూసుకోవడమే ముఖ్యం.

మన దేశంలో ప్యాకెట్ మీద గ్లూటెన్ లేదని వేసుకోవాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. కిలో పిండిలో చిటికెడు మైదా పడ్డా ఆ గీత దాటిపోతుంది. మైదా జల్లించిన జల్లెడ, చపాతీ పీట, పాత చెక్క గరిటె, వీటితో వాడి కేకు చెయ్యకండి. కొత్త జల్లెడ కొని దానికి ఎర్ర దారం కట్టండి. బయట దొరికే ముద్ద ఇంగువలో, పొడి ఇంగువలో చాలావాటికి గోధుమ పిండి కలుపుతారు, అది కేకులో వెయ్యరు గానీ పులిహోరలో వేస్తారు కదా, లేబుల్ చూడండి. ఓట్స్ కూడా గోధుమతో కలిసిపోయే సరుకే. బేకింగ్ పౌడర్‌లో ఏ పిండి కలిపారో డబ్బా వెనక ఉంటుంది, మొక్కజొన్న పిండి అయితే పర్వాలేదు.

పొయ్యి బాబాయ్, బరంపురం | డిసెంబర్ 6, ఉదయం 6:05

అమ్మాయ్, ఇరవై రెండేళ్ళు బేకరీ పొయ్యి దగ్గర నిలబడ్డవాణ్ణి, నీ కేకు ఎందుకు ముగ్గుపిండి అయ్యిందో చెబుతాను. మైదాని తడిపి కలిపితే లోపల రబ్బరులాంటి సాగుడు పుడుతుంది. అదే గ్లూటెన్. బేకింగ్ పౌడర్ వదిలే గాలిబుడగలు దానిలో చిక్కుకుంటాయి, అందుకే కేకు పొంగి నిలబడుతుంది. మైదా లేకపోతే గుడ్డు ఆ పని చేస్తుంది, వేడికి గట్టిపడి ముక్కని పట్టుకుంటుంది. నువ్వు రెండూ తీసేశావు, వాటి బదులు ఏమీ పెట్టలేదు. పొంగినట్టే పొంగి, పట్టుకునేవాడు లేక రాలిపోయింది.

ఇంకో రెండు తప్పులు చేసి ఉంటావు. కొట్టు బియ్యప్పిండి రవ్వగా ఉంటుంది, దాన్ని కలిపిన వెంటనే పొయ్యిలో పెడితే నీళ్ళు పీల్చుకునే టైం ఉండదు. అరగంట నాననిచ్చి, బేకింగ్ పౌడర్ ఆఖర్న కలపాలి. రెండోది, వేడి మీద బోర్లించావు. ఇలాంటి కేకు పూర్తిగా చల్లారితే గానీ గట్టిపడదు.

నన్ను చేసివ్వమని అడుగుతావేమో, ముందే చెబుతున్నా, చెయ్యను. మా గోడలకి, పంకాకి, నా మీసాలకి కూడా మైదానే. పొద్దున్న లేచిన పిండి దుమ్ము మధ్యాహ్నానికి కూడా గాలిలో తిరుగుతూ ఉంటుంది. ఆ గదిలో నీ పిల్లాడి కేకు చేస్తే పాపం తగులుతుంది.

చోడిఅంబలి, రాయగడ | డిసెంబర్ 6, ఉదయం 8:20

ఉత్త బియ్యప్పిండి వద్దక్కా, మూడోవంతు చోడి పిండి, అదే రాగి పిండి, కలుపు. రంగు చాక్లెట్ కేకులా వస్తుంది, బెల్లంతో చక్కగా కలుస్తుంది. 2017లో చిరుధాన్యాల కోసం ప్రభుత్వం ఒడిశా మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టినప్పటి నుంచీ మా జిల్లాలో చోళ్ళకి మళ్ళీ మర్యాద వచ్చింది. నవంబరు 10న మాండియా దిబస, అంటే చోళ్ళ రోజు, అని పండగే చేస్తున్నారు. మా అమ్మమ్మ అంబలి తాగిందని పెళ్ళిలో ఎగతాళి చేసినవాళ్ళు ఇప్పుడు చోడి బిస్కెట్లు కొనుక్కుంటున్నారు, అది వేరే కథ.

కానీ పిండి మిల్లులో పట్టించకు. నీకంటే ముందు ఎవరో పది కిలోల గోధుమలు పట్టించి ఉంటారు, ఆ పిండి మరలోనే ఉంటుంది. చోళ్ళు కడిగి ఎండబెట్టి ఇంట్లో మిక్సీ వేసుకో. పచ్చి బియ్యం కూడా అంతే, రెండు గంటలు నానబెట్టి, నీడన గుడ్డ మీద ఆరబెట్టి, కాస్త తడి ఉండగానే మిక్సీ పట్టి జల్లించు. అరిసెలకి చేసినట్టే. ఉప్పుడు బియ్యం మాత్రం వద్దు, కేకు రాయి అవుతుంది.

జయపురం మాస్టారు | డిసెంబర్ 6, ఉదయం 9:02

డైటీషియన్ అమ్మాయికి క్షమాపణలు. నిన్న రాత్రి ఆ అలవాటు మాట అనకుండా ఉండాల్సింది.

మా కోరాపుట్ కాలాజీర బియ్యంతో చేస్తే ఎలా ఉంటుంది? 2024లో ఫలానా చోటి సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. వాసన ఇల్లంతా పాకుతుంది.

పొయ్యి బాబాయ్, బరంపురం | డిసెంబర్ 6, ఉదయం 9:10

మాస్టారూ, ఆ బియ్యం మీద దాల్చినచెక్క, లవంగం పొడి చల్లడం అంటే మల్లెపూల మీద అత్తరు పోయడమే. పాయసం చేసుకోండి, నన్ను పిలవండి.

సిరోంచ శీను | డిసెంబర్ 6, మధ్యాహ్నం 1:35

మాది మహారాష్ట్రల ఉన్న తెలుగు ఊరు, ప్రాణహిత గోదావరిల కలిసే కాడ. మా దగ్గర జొన్నలు ఎక్కువ, జొన్నపిండితోని చేసిన. చెల్లె షుగర్‌కి మంచిదని చెప్పింది. గట్టిగ, చేదుగ వచ్చింది, మా కుక్క గూడ వాసన చూసి పోయింది. జొన్న వేస్తే పావువంతు దాటనియ్యకుండ్రి. అంతకన్న నాకు తెల్వది.

గుణుపురం మామ్మ | డిసెంబర్ 6, సాయంత్రం 5:48

(మామ్మ చెబుతుంటే, ఆవిడ మనవణ్ణి, నేను టైప్ చేస్తున్నాను.)

ఏటమ్మా ఈ గొడవంతా? వీగన్ అంటే ఏటని మనవణ్ణి అడిగితే, పాలు, గుడ్డు, ఆఖరికి తేనె కూడా తినరట. సరే. కేకంటే ఏటి మరి, పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చిన తీపి రొట్టే కదా. మా అత్తగారు దిబ్బరొట్టె ఎలా కాల్చేవారు? మినప్పప్పు రుబ్బి, వరినూక కలిపి, ఇనప మూకుడులో నూనె పోసి, పిండి దిబ్బలా పోసి, మూత మీద నాలుగు నిప్పులు వేసేవారు. రెండు వేళ్ళ మందాన లేచేది. కోస్తే లోపల జల్లెడలా కన్నాలు, చుట్టూ ఎర్రటి కరకర. దాన్లో మైదా ఉందా? గుడ్డు ఉందా? ఆ కన్నాలు నిలబెట్టింది ఎవరు?

మీ పక్కింటావిడ పంపే పొడ పిఠా మాత్రం ఏటి? బియ్యం, మినప్పప్పు, బెల్లం, కొబ్బరి, అల్లం, మిరియాలు. ఆకులో పెట్టి రాత్రంతా నిప్పుల్లో వదిలేస్తారు. ఇంట్లో మినప్పప్పు పెట్టుకుని బజార్లో గమ్ము కోసం తిరగడమేటమ్మా!

మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టు. చల్లటి నీళ్ళు చిలకరిస్తూ వెన్నలా రుబ్బు. గారెలకి చూసినట్టే, చిన్న ఉండ నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా రుబ్బు.

పొయ్యి బాబాయ్, బరంపురం | డిసెంబర్ 7, రాత్రి 8:15

మామ్మగారూ, దండం. ఇరవై రెండేళ్ళలో ఈ ముక్క నా బుర్రకి తట్టలేదు. మినప పిండిలో జిగురుంటుంది, అది గాలిని పట్టుకుంటుంది, ఇడ్లీ దోశల్లో రోజూ చూస్తూ కూడా కేకు అనగానే మైదా కళ్ళతో చూశాను. మధ్యాహ్నం కొట్టు కట్టేశాక ఇంట్లో ఒక చిన్న టిన్ను చేసి చూశాను, నిలబడింది. లెక్క రాసుకో అమ్మాయ్, ఏడంగుళాల టిన్నుకి.

పొట్టు తీసిన మినప్పప్పు అరకప్పు, మామ్మగారు చెప్పినట్టు నానబెట్టి రుబ్బాలి, నీళ్ళు పావుకప్పు దాటకూడదు. ఇంట్లో పట్టిన బియ్యప్పిండి ఒక కప్పు, చోడి పిండి అరకప్పు. తరిగిన బెల్లం ఒక కప్పు, దాన్ని ముప్పావు కప్పు చిక్కటి కొబ్బరిపాలలో గోరువెచ్చగా కరిగించి వడకట్టు, బెల్లంలో ఇసుక ఉంటుంది. నూనె పావుకప్పు. బాగా పండిన అరటిపండు ఒకటి, ఒక్కటే. ఉప్పు చిటికెడు, శొంఠిపొడి, దాల్చినచెక్క పొడి, రెండు లవంగాలు, జాజికాయ గీరినది కొంచెం. ఇవన్నీ కలిపి అరగంట వదిలెయ్. మూకుట్లో గరిటెతో పోస్తే ఊతప్పం పిండిలా జారాలి, గట్టిగా ఉంటే కొబ్బరిపాలు ఇంకో రెండు స్పూన్లు.

పొయ్యి వేడెక్కాక మాత్రమే బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్, తినే సోడా పావు టీస్పూన్, నిమ్మరసం ఒక టీస్పూన్ కలుపు. ఒకే వైపు తిప్పాలి అంటారు గానీ అదంతా ఉత్తిదే. రుబ్బిన గాలి పోకుండా మెల్లగా కలిపితే చాలు. 170 డిగ్రీల దగ్గర ముప్పావు గంట, ఇంకో పది నిమిషాలు పట్టినా పట్టొచ్చు.

ఎండుద్రాక్ష, టూటీ ఫ్రూటీ రాత్రే నారింజ రసంలో నానబెట్టు. రమ్ములో నానబెడతాం మేం, చర్చికి తీసుకెళ్ళేది కాబట్టి ఆ ఊసు వద్దు. టూటీ ఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయే, భయం లేదు. మీకు పలాస దగ్గరే కదా, జీడిపప్పుకి కొదవేముంది. వేసే ముందు పొడి బియ్యప్పిండిలో దొర్లించు, అడుక్కి దిగవు.

బుజ్జిగాడి అమ్మ, పర్లాకిమిడి | డిసెంబర్ 7, రాత్రి 8:40

బాబాయ్ గారూ, మీకూ మామ్మగారికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నూనె బదులు నెయ్యి వెయ్యొచ్చా? బుజ్జిగాడికి కడుపు నొప్పి రాలేదు, ఆడుకుంటున్నాడు.

కాశీనగరం పిల్ల, ప్రస్తుతం విశాఖ | డిసెంబర్ 7, రాత్రి 9:05

నెయ్యిలో పాల చక్కెర దాదాపు ఉండదు కాబట్టి మీ బాబుకి పడవచ్చు. కానీ పాల అలర్జీ ఉన్న పిల్లలకి అది వద్దు, వీగన్ కూడా కాదు. చర్చిలో వేరే పిల్లలు కూడా తింటారు కదా, నూనెతోనే చేసేయండి. డార్క్ చాక్లెట్ వేద్దామనుకుంటే లేబుల్ చదవండి, చాలావాటిలో పాలు తగిలే ఉంటాయి.

బుజ్జిగాడి అమ్మ, పర్లాకిమిడి | డిసెంబర్ 13, రాత్రి 10:20

రెండో ప్రయత్నం రిపోర్టు. సాయంత్రం కరెంటు పోయింది, ఓవెన్ లేదు, పిండి రుబ్బేసి ఉంది. కుక్కర్‌లో పెట్టాను. గ్యాస్కెట్ తీశాను, అడుగున ఉప్పు పోశాను, స్టాండ్ మీద టిన్ను పెట్టాను. విజిల్ మాత్రం తియ్యడం మర్చిపోయాను. ఇల్లంతా కమ్మటి బెల్లం వాసన, తర్వాత అదే మాడు వాసన. తీసి చూస్తే పైన మూత నుంచి కారిన నీళ్ళు చిన్న చెరువులా నిలిచాయి, అడుగు బొగ్గు, మధ్యలో హల్వా.

ఇంకో నేరం ఒప్పుకుంటాను. అరటిపళ్ళు మాగిపోతున్నాయని మూడు వేశాను.

కానీ మధ్యలో ఒక రెండంగుళాల మేర, పక్కకి దగ్గరగా, కరెక్టుగా కాలింది. అక్కడ విరిస్తే రాలలేదు! చేత్తో పట్టుకుంటే ముక్క ముక్కలాగే ఉంది. లోపల మామ్మగారు చెప్పిన కన్నాలు. బుజ్జిగాడు ఆ రెండంగుళాలూ తిని, మిగతాది ఏమైందమ్మా అన్నాడు.

పొయ్యి బాబాయ్, బరంపురం | డిసెంబర్ 14, ఉదయం 5:50

మధ్యలో హల్వా అయ్యింది అరటిపళ్ళ వల్లే. ఒక్కటే అని రెండుసార్లు రాశాను. కుక్కర్‌కి విజిల్ కూడా తీసేస్తే ఆవిరి పోతుంది, చెరువు పట్టదు. ఉప్పు అంగుళం మందం ఉండాలి, పది నిమిషాలు వేడెక్కాక టిన్ను పెట్టి మంట పూర్తిగా తగ్గించు. అయినా కుక్కర్‌లో పైనుంచి వేడి రాదు, పైభాగం ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది.

గుణుపురం మామ్మ | డిసెంబర్ 14, ఉదయం 7:30

నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే. పైన నిప్పు. టిన్నులో అరిటాకు వెయ్యి, సెగ మీద వాడ్చి మెత్తబడ్డాక వెయ్యి, లేకపోతే మడత దగ్గర చిరుగుతుంది. అడుగు మాడినా ఆకు మాడుతుంది, కేకు మాడదు. నీ మైదా గొడవ కూడా తీరిపోతుంది.

బుజ్జిగాడి అమ్మ, పర్లాకిమిడి | డిసెంబర్ 24, రాత్రి 11:55

నిద్ర రావడం లేదు, రాసేస్తాను.

పైన నిప్పు ఉండాలని మామ్మగారు చెప్పిన మాట చదివిన రోజే జేజేమా గోడ మీంచి, ఆ మాడు వాసన ఏమిటి అని అడిగారు. బుజ్జిగాడే మొత్తం కథ ఒడియాలో చెప్పాడు, నాకంటే వాడికే బాగా వచ్చు. ఆవిడ నవ్వి, పొడ పిఠా కాల్చే పొయ్యి పెరట్లో ఖాళీగా ఉంది, ఇక్కడికి తీసుకురండి అన్నారు. ఆ పొయ్యి మీద బియ్యం, మినప్పప్పు తప్ప ఎప్పుడూ ఏమీ కాల్చలేదట. ఓవెన్ ఉంది కదా అన్నాడు మా ఆయన. ఓవెన్‌లో పోయిన నెలే మా ఆడపడుచు పిజ్జా చేసింది, అది తోమితోమి అలిసిపోయాను.

ఈ రోజు మూడు గంటలకి మొదలుపెట్టాం. పప్పు రుబ్బడం జేజేమాయే చూసుకున్నారు. ఉండ నీళ్ళలో వెయ్యమంటే, ఎందుకు, నా చేతికి తెలుసు అన్నారు, అయినా బుజ్జిగాడి కోసం వేశారు. తేలింది, వాడు చప్పట్లు కొట్టాడు. ఆకు వాడ్చాను. ఆవిడ పెద్ద అల్యూమినియం డేగిశాలో రాళ్ళు మూడు పెట్టి, దాని మీద మా టిన్ను, పైన ఇనప మూత, మూత మీద బొగ్గులు. కింద బొగ్గులు తక్కువ, పైన ఎక్కువ. నేను కింద ఎక్కువ కావాలేమో అన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు కూడా.

బాబాయ్ గారి ముప్పావు గంటకి నేను మూత తీద్దామంటే చెయ్యి పట్టుకుని ఆపారు. గంటంబావు పట్టింది. పుల్ల గుచ్చితే కొంచెం తడి అంటింది, నాకు గుండె జారింది. చల్లారనీ, రేపటికి సర్దుకుంటుంది అన్నారు, పొడ పిఠా వేడిగా కోస్తే అదీ ఇంతేనట. ఇప్పుడు కేకు జాలీ గంప కింద ఉంది. పైన గోధుమరంగు (ఆ రంగుకి వేరే పేరు పెట్టాలి ఈ ఇంట్లో), ఒక పక్క నిప్పు ఎక్కువ తగిలి నల్లగా ఉంది. వాసన మాత్రం సగం క్రిస్మస్, సగం రజ.

పొయ్యి బాబాయ్, బరంపురం | డిసెంబర్ 25, ఉదయం 4:40

పండగ ముందు రాత్రి మాకు నిద్రే ఉండదు, ఇప్పుడే చదివాను. నల్లబడ్డ పక్కని చాకుతో గీకెయ్, పంచదార పొడి చల్లితే ఎవరికీ తెలియదు. పొడి ఇంట్లోనే పట్టు. కోసే చాకు మైదా కేకు తగలనిది చూసుకో. హ్యాపీ క్రిస్మస్ అమ్మా.

బుజ్జిగాడి అమ్మ, పర్లాకిమిడి | డిసెంబర్ 25, రాత్రి 9:15

మెర్రీ క్రిస్మస్ అందరికీ.

పొద్దున్న కోశాం. రాలలేదు. కొంచెం బరువుగా ఉంది, బేకరీ కేకులా దూదిలా లేదు, అది నిజం. కానీ ముక్క ముక్కలాగే వచ్చింది. మాట ప్రకారం మొదటి ముక్క గోడ అవతలికి వెళ్ళింది. జేజేమా ఒక కొరుకు తిని, కాసేపు నమిలి తీర్పు చెప్పారు: ఇది పొడ పిఠాయే, మీరు ద్రాక్ష వేశారు. బుజ్జిగాడు ఒప్పుకోలేదు, ఇది కేకు, ఎందుకంటే గుండ్రంగా ఉంది, డిసెంబర్లో చేశాం అన్నాడు. ఆవిడ ఆలోచించి, రజకి గుండ్రంగా చేస్తే అప్పుడేమంటావు అని అడిగారు. వాడి దగ్గర జవాబు లేదు.

చర్చికి వాడి స్టీలు డబ్బా, వాడి చాకు విడిగా పట్టుకెళ్ళాడు. ఆరాధన అయ్యాక కేకు ప్లేటు వచ్చింది. వాడు డబ్బా తీసి, వాడే అందరికీ పంచడం మొదలుపెట్టాడు. ఒకాయన తన ప్లేటులో ముక్క కొయ్యడానికి ఆ చాకు అడిగితే, అంకుల్, ఈ చాకు ఆ కేకుకి పెట్టకూడదు, నాకు కడుపు నొప్పొస్తుంది అని గట్టిగా చెప్పాడు. చర్చి అంతా విన్నది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

రెండు ముక్కలు మిగిలాయి. ఫ్రిజ్‌లో పెట్టాను.

చోడిఅంబలి, రాయగడ | డిసెంబర్ 25, రాత్రి 9:30

ఫ్రిజ్‌లోంచి తీసెయ్యక్కా! బియ్యప్పిండిది కదా, చద్దన్నంలా బిరుసెక్కిపోతుంది. మన చలికి ఒకటి రెండు రోజులు బయటే డబ్బాలో ఉంటుంది. ఇప్పటికే గట్టిపడితే ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పట్టు.

జయపురం మాస్టారు | డిసెంబర్ 25, రాత్రి 9:41

ఆ మిగిలిన రెండు ముక్కల మీద ఎవరికైనా హక్కు ఉందా? పర్లాకిమిడి మాకు మరీ దూరమేమీ కాదు.

బుజ్జిగాడి అమ్మ, పర్లాకిమిడి | డిసెంబర్ 25, రాత్రి 9:58

మాస్టారూ, ఆలస్యం చేశారు. ఆవిరి పట్టేలోపే వాడు ఒకటి చల్లటిదే తినేశాడు. రెండోది బాబాయ్ గారికని దాచమన్నాడు, ఆయన లెక్కతో చేశాం కాబట్టి. బాబాయ్ గారూ, బరంపురం బస్సులో మా మరిది సోమవారం వస్తున్నాడు, అడ్రసు మెసేజ్ పెట్టండి. మామ్మగారు ఏమీ అనుకోకండి, మీకు సంక్రాంతికి.

గుణుపురం మామ్మ | డిసెంబర్ 25, రాత్రి 10:10

(మామ్మ పడుకుంది. అరటిపండు ఒక్కటే వేసిందా అని కనుక్కోమని చెప్పి పడుకుంది.)